భరిణలు, అరలు, సొరుగులు
కరీంనగరు వెండితీగ పనినిగూర్చి ఒక చారిత్రక ప్రసంగము

స్త్రీల అలంకారమునుగూర్చి మన కవులు వ్రాసినది చాల కలదు. ఆ అలంకార సామగ్రిని దాచుకొను పెట్టెనుగూర్చి వ్రాసినది తక్కువ. కుంకుమ నుదుట నిలుచునది ఒక పూట. భరిణలో నిలుచునది నెలల తరబడి. అత్తరు వస్త్రమునంటి యుండునది ఒక సాయంకాలము. బుడ్డిలో నుండునది సంవత్సరములు. ఆ ఒక్క పూటను వర్ణించుట కవికి ధర్మమే. చరిత్రను చదువువారికి మాత్రము పెట్టెయే ముఖ్యము. ముఖమునకు పూసినది చెరిగిపోవును, పెట్టె మిగులును. ఏ వస్తువును ఎక్కడ, దేని ప్రక్కన, ఎట్టి మూతక్రింద ఉంచిరో అది చెప్పును. కరీంనగరులో వెండితీగతో కుంకుమ భరిణలు, అత్తరుదానులు, నగల పెట్టెలు చేయువారి విద్యను ఈ దృష్టితో పరిశీలింపదలచినాము.

సొరుగు మనకు పాశ్చాత్యుల వలన వచ్చినదని అనుకొనుట వాడుక. మన యిండ్లలోని అద్దపు బల్ల విషయమున అది నిజమే. కాని అలంకార సామగ్రికై సొరుగును అమర్చుట మిక్కిలి పురాతనమైన ఆలోచన. ఈజిప్టు దేశములో నాలుగవ అమెనెంహత్ రాజు కాలమున, అనగా క్రీ. పూ. 1800 ప్రాంతమున, కెమెని అను రాజోద్యోగి ఒకడుండెను. అతని పెట్టె 1910లో థీబ్సు సమాధులలో దొరికినది. నేడది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో ఉన్నది. దేవదారు చెక్కతో చేసి, దంతముతోను నల్లని చేవచెక్కతోను తాపడము పెట్టిన ఆ పెట్టెకు ఒక సొరుగు కలదు. సొరుగులోని పలకకు గుండ్రని రంధ్రములు తొలిచి, లేపనములుంచు రాతి బుడ్లను వానిలో నిలిపిరి. సొరుగు లాగినను మూసినను బుడ్డి ఒరగదు, లేపనము ఒలుకదు. అద్దమునకు పైన వేరొక చోటు. మూడువేల ఎనిమిదివందల సంవత్సరముల నాటి ఆ వడ్రంగి ఎదుర్కొన్న చిక్కే నేడు మన యిల్లాండ్రును ఎదుర్కొనుచున్నారు.

ఆ పెట్టె పురుషునిదని గమనింపవలెను. మన దేశమునను అంతే. వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని శయనగృహమును వర్ణించుచు, తలాపున ఒక వేదికయు, దానిపై రాత్రి మిగిలిన మైపూతయు, పూలమాలయు, మైనము ఉంచు కరండమును, సుగంధద్రవ్యముల పుటికయు, మాదీఫలపు తొక్కయు, తాంబూలమును ఉండవలెనన్నాడు. మైనమునకు ఒక పాత్ర, సుగంధమునకు వేరొక పాత్ర: ఈ భేదమును గుర్తుంచుకొందము. కుంతల శాతకర్ణి పేరు ఆ గ్రంథమున వచ్చుటచేత, శాతవాహనుల నాటి దక్కను ఆచారములు గ్రంథకర్తకు తెలియనివి కావని ఊహింపవచ్చును.

శాతవాహనులనగానే కరీంనగరు ప్రాంతము తలపునకు రాక మానదు. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు అను మూడు శాతవాహన స్థలములును పాత కరీంనగరు జిల్లాలోనివే. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట కోటిలింగాల జగిత్యాల జిల్లాలోనికి, తక్కిన రెండును పెద్దపల్లి జిల్లాలోనికి చేరినవి. ఆ కాలపు దక్కను పట్టణముల త్రవ్వకములలో పూసలు, శంఖపు గాజులు, దంతపు వస్తువులు, కాటుక దిద్దుకొను రాగిపుల్లలు బయల్పడినవి. తరువాత అయిదవ శతాబ్దమున అజంతా పదునేడవ గుహలో చిత్రకారుడు ఒక రాకుమారిని అద్దము చూచుకొనుచుండగా చిత్రించి, ఆమె ప్రక్కన అలంకార సామగ్రి పళ్ళెము పట్టుకొనిన చెలికత్తెను నిలిపినాడు. ధనవంతుల యింట పళ్ళెము పట్టుటకు మనిషి యుండును. సామాన్యుల యింట ఆ పని పెట్టె చేయవలెను.

పెట్టె ఆ పని ఎట్లు చేయును? అరలచేత చేయును. ఒక్కొక్క అర వెనుక వస్తుగుణములనుగూర్చిన తెలివి దాగియున్నది. కుంకుమకు తేమ శత్రువు. తడి తగిలిన గడ్డకట్టును. అందుచేత దానికి బిగుతైన మూతయుండు గుండ్రని భరిణ. కాటుక ఆముదముతోనో నేతితోనో కలిపిన మసి. దానికి దుమ్ము శత్రువు. అందుచేత చిన్న నోరుగల కాటుకకాయ. గంధమును ఏ పూటకాపూట సాన మీద తీయుటయే మేలు; దానికి మూతలేని గిన్నె చాలును. అత్తరునకు ఎండయు గాలియు రెండును శత్రువులే. దానికి బిరడాగల చిన్న బుడ్డి, ఆ బుడ్డికి పైన మరియొక గూడు. దువ్వెనకు నూనెజిడ్డు ఉండును గనుక అది అన్నిటికిని దూరము. మన పెద్దల అద్దపు పెట్టెలలో మూతకు లోపలివైపున అద్దము, దాని క్రింద చిన్న గదులు ఉండుట చూచినవారికి ఈ లెక్క వెంటనే బోధపడును.

ఈ లెక్కలో కరీంనగరు కంసాలులకు ప్రత్యేకమైన స్థానము లభించినది. వెండితీగ పనికి ఒడిశాలోని కటకము ప్రసిద్ధము. అక్కడ దానిని తారకసి యందురు. తెలుగునాట ఆ పేరు కరీంనగరుదే. ఈ విద్య మానేరు తీరమున ఎలగందుల కోట నీడన పెరిగి కరీంనగరు చేరినదని చెప్పుదురు. 1908లో వెలువడిన ఇంపీరియల్ గెజిటీరు ఈ జిల్లాలో కరీంనగరు, మానకొండూరుల వెండితీగ పనిని మెచ్చుకొన్నది. నిజాముల నాటి హైదరాబాదు మర్యాదలలో వచ్చిన అతిథికి పాను, అత్తరు ఇచ్చుట ముఖ్యము. పానునకు పాన్‌దాను, అత్తరునకు అత్తరుదాను, పన్నీటికి గులాబుదాను కావలెను. హిందువుల యింట పేరంటమునకు బొట్టుపెట్టి పిలుచుటకు కుంకుమ భరిణ కావలెను. ఒకే కుంపటి వద్ద ఈ రెండు ఆచారములకును పాత్రలు తయారైనవి. కరీంనగరు పనితనము ఏ ఒక్క మతమునకును చెందక ఆ ఊరి సొత్తయినది ఇందువలననే.

ఆ పని తీరును కొంచెము వివరింతుము. మేలిమి వెండిని మూసలో కరగించి కడ్డీ పోయుదురు. వెండి ఎంత స్వచ్ఛమైనదైన తీగ అంత మెత్తగా సాగును. కడ్డీని సుత్తితో సాగగొట్టి, వరుసగా చిన్నవగుచు పోవు రంధ్రములుగల కమ్మచ్చులో దూర్చి పట్టకారుతో లాగుదురు. లాగుకొలది తీగ బిరుసెక్కును. అప్పుడు మరల కాచి మెత్తబరతురు. వెంట్రుకవలె సన్నమైన తీగలు రెండింటిని కలిపి పురిపెట్టి, అణచి, చదును చేయుదురు. వస్తువు రూపమును లావుపాటి తీగతో చట్రముగా కట్టి, ఆ చట్రములోని ఖాళీలను ఈ పురితీగ చుట్లతో, మెలికలతో, ఆకులతో, పూవులతో నింపుదురు. చుట్లు ఒకదానినొకటి ఒత్తుకొని నిలుచును. పిమ్మట టంకపు పొడియు వెలిగారమును చల్లి సెగ చూపుదురు. సెగ చాలకున్న అతుకు పట్టదు. మించినచో గంటలకొలది అల్లిన అల్లిక ముద్దగా కరగును. ఆ రెంటికిని నడుమనున్నది కొన్ని క్షణముల కాలమే. దానిని కనుగొనుటకు కన్ను తప్ప వేరు కొలత లేదు.

వెలిగారమును తలచినప్పుడు ఒక విశేషము చెప్పక తప్పదు. ఇండ్లలో కుంకుమ చేయు పాత పద్ధతిలో పసుపుకొమ్ములను నిమ్మరసము, పటిక, వెలిగారములతో నానబెట్టుదురు. ఆ కూర్పువలననే పసుపు ఎరుపెక్కును. భరిణను అతికించినదియు వెలిగారమే, అందులోని కుంకుమకు రంగు తెచ్చినదియు వెలిగారమే. కంసాలి కుంపటియు ఇల్లాలి వంటిల్లును ఒకే అంగడి సరకును వాడుకొన్నవి.

తీగ పని జల్లెడవంటిది. అందులో పొడి నిలువదు. కనుక కుంకుమ ఉంచదలచిన భరిణకు లోపల సాదా వెండిరేకు గిన్నె అమరవలెను. అత్తరుదానునకు అదే జల్లెడతనము మేలు చేయును. లోపల దూదికి అంటిన పరిమళము తీగల సందులగుండ మెల్లగా వెలికి వచ్చును. పనితనమును వస్తువు స్వభావముతో జతపరచుట ఇదియే. ఉత్తరమున నిర్మలు నకాషీ పనివారు ఇదే చిక్కును మరియొక విధమున విడదీసిరి. పొణికి చెక్క తేలికది. దానితో పెట్టెను చేసి, చింతగింజల పిండితో సందులు పూడ్చి, నున్నజేసి, రంగులు వేసి మెరుగుపెట్టిరి. వెండి కొనలేని యింటికి నిర్మలు పెట్టె అందము తెచ్చినది.

ఇరువదవ శతాబ్దమున పెద్ద మార్పు వచ్చినది. 1919లో బొంబాయిలో ఆఫ్ఘన్ స్నో తయారైనది. 1952లో లాక్మే సంస్థ వెలసినది. విదేశపు పౌడరు డబ్బాలు అంతకుముందే వచ్చియున్నవి. అంతవరకు వస్తువు ఒకచోట, పాత్ర ఒకచోట తయారయ్యెడివి. ఇల్లాలు ఆ రెంటిని కలిపెడిది. ఇప్పుడు వస్తువు తన పాత్రను తానే వెంట తెచ్చుకొన్నది. డబ్బా ఖాళీ ఐన పారవేయుటయే, నింపుట లేదు. తిలకపు సీసా, తరువాత అంటించు బొట్టు వచ్చి కుంకుమ భరిణకు పని తగ్గించినవి. అద్దపు బల్ల వచ్చి, అందులో అరలు లేని పెద్ద సొరుగు వచ్చినది. సీసాలు, డబ్బాలు, గొట్టములు, పిన్నులు అన్నియు అందులో ఒకదానిపై ఒకటి పడినవి. స్థలము పెరిగినది, అమరిక తరిగినది.

ఈ మార్పువలన నష్టపడినది సొరుగు ఒక్కటే కాదు. వాడుకలోనున్న భరిణ అరుగును, సొట్టపడును, మూత వదులగును. బాగుచేయించుటకు కంసాలి వద్దకు పోవును. కూతురి పెండ్లికి అట్టిదే మరియొకటి చేయింతురు. అద్దాల బీరువాలో నుంచిన వస్తువునకు మరమ్మతు లేదు. దానికి జతగా మరియొకటి కావలెనన్న కోరికయు లేదు. ఒక చేతిపని బ్రదుకునకు మెప్పుకంటె వాడుకయే బలమైన ఆధారమని మా అభిప్రాయము. కరీంనగరు వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2017లో హైదరాబాదున జరిగిన ప్రపంచ వ్యాపారవేత్తల సదస్సునకు వచ్చిన అతిథులకు ఇచ్చిన జ్ఞాపికలలో ఈ పనియు చేరినది. ఇవి గౌరవములే, సంతోషింపదగినవే. కాని జ్ఞాపికలు సదస్సులున్నపుడే కావలెను. కుంకుమ ప్రతిదినము కావలెను. పనివారి పిల్లలు కుంపటి వద్ద కూర్చుందురా, లేదా అను ప్రశ్నకు సమాధానము చాలవరకు ఈ భేదమునందే ఉన్నది.

వెండి వెల పెరిగిన ఈ రోజులలో ప్రతి యింటను వెండి పెట్టె యుండవలెనని మేము చెప్పబోము. అద్దపు బల్ల సొరుగును పూర్వులు పెట్టెను అమర్చిన బుద్ధితో అమర్చుకొనవచ్చును. సొరుగులో పలుచని చెక్కతోనో అట్టతోనో అడ్డములు పెట్టి గదులు చేయుడు. పొడులను ఒక గదిలోను, నూనెగలవానిని వేరొక గదిలోను ఉంచుడు. కెమెని పెట్టెలోవలె సీసాలను నిలువుగా నిలుపుడు. అత్తరు, పరిమళ ద్రవ్యములు సొరుగు వెనుకభాగమున చీకటిలో నుండవలెను. దినదినము వాడునవి ముందుకు, పండుగలకు పెండ్లిండ్లకు వాడునవి వెనుకకు. కంటికి వాడువానికి వేరు అర కావలెను. ఒకరి కాటుకపుల్ల మరియొకరు వాడినచో కండ్లకలక వ్యాపించును. ఇంట పాతకాలపు సురుమా, సిందూరము మిగిలియున్నచో వానిని వాడకుడు. సీసము కలిసిన సురుమా, సిందూరములు, ముఖ్యముగ పిల్లలకు, హాని చేయునని నేటి వైద్యశాస్త్రము స్పష్టముగ చెప్పుచున్నది.

ఇంటిలో పాత తీగపని భరిణ ఉన్నచో దానిని బీరువానుండి తీసి ఈ సొరుగులో మొదటి గదిలో ఉంచుడు. గాలిలోని గంధకపు ఆవిరులవలన వెండి నల్లబడును, అందుకు భయపడనక్కరలేదు. తీగలను గట్టిగా రుద్దక, కుంకుడుకాయ నురుగుతో మెత్తని కుంచెపెట్టి కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి కుంకుమ నింపుడు. బతుకమ్మ పండుగకు ఇంటికి వచ్చిన ముత్తైదువులకు ఆ భరిణతో బొట్టు పెట్టుడు. ఆ భరిణకు పని కలిగిన యెడల, దానిని చేయు చేతికిని పని కలుగును.