అగ్నికి కావలి: ఉష్ణనియామక యంత్రముల చరిత్ర



అగ్నిని రగుల్చుట కష్టము కాదు. రగిలిన యగ్నిని హద్దులో నుంచుటయే కష్టము. పాలు పొంగకుండ పొయ్యియొద్ద గాచియుండు నిల్లాలికిని, కొలిమితిత్తి నూదు కమ్మరికిని ఈ సంగతి యొకరు చెప్పవలసిన పని లేదు. వేడి యెంత యున్నదో చూచుట, అది చాలునో చాలదో నిర్ణయించుట, ఆ నిర్ణయమునకు దగినట్లు కట్టె త్రోయుటయో వెనుకకు లాగుటయో చేయుట, ఈ మూడు పనులకును మనుష్యుడు నిప్పుచెంత నుండవలెను. కన్ను, బుద్ధి, చేయి అను నీ మూటి పనిని యంత్రమున కొప్పగించుట యొక్కనాటిలో జరిగినది కాదు. నాలుగు వందల యేండ్లుగా జరుగుచున్నది. ఆ చరిత్రమే నేటి ప్రసంగమునకు విషయము.

మన సీమలో నింటిని చల్లబరచుకొనుటకే గాని వెచ్చబరచుకొనుటకు బ్రయత్నించువా రరుదు. ఐరోపా, అమెరికాల యుత్తరభాగములలో నట్లు కాదు. శీతకాలమున నచట గొట్టములలోని నీరు సైతము గడ్డకట్టును. అందుచే ననేక గృహములలో బాయిలరు నేర్పరచుకొందురు. అందు గాగిన నీరు గొట్టములగుండ గదులకు బోయి, అచటి లోహపు పలకలను వేడిచేసి, తాను చల్లారి మరల బాయిలరును జేరును. ఆ బాయిల రెప్పుడు మండవలెనో, ఎప్పు డాగవలెనో నిర్ణయించు సాధనమునకు థర్మోస్టాటు అని పేరు.

ఈ సాధనము ప్రథమమున గృహముకొరకు బుట్టలేదు, కోడిగ్రుడ్డుకొరకు బుట్టినది. కోడిపెట్ట 21 దినములు పొదిగి, తన దేహపు వేడిని తప్పక గ్రుడ్ల కందించును. ఆ పెట్ట పనిని నిప్పుచేత జేయింప దలచినవారిలో కొర్నేలిస్ డ్రెబ్బెల్ అను డచ్చిదేశస్థు డొకడు. ఇతడు 1572లో జన్మించి, ఇంగ్లండు రాజగు మొదటి జేమ్సు నాశ్రయమున బని చేసి, 1633లో మరణించెను. ఇతని పొయ్యిలో నాల్కహాలు నింపిన పాత్ర యొకటియు, దానికి జేరి పాదరసమున్న వంపుగొట్టము నుండెను. వేడి హెచ్చినప్పు డాల్కహాలు వ్యాకోచించి పాదరసమును నెట్టును. పాదరసము పైనున్న కడ్డీని లేపును. ఆ కడ్డీ గాలి పోవు ద్వారమును మూయును. గాలి తగ్గగా మంట తగ్గును. చల్లబడినంతనే ద్వారము మరల దెరచుకొనును. కన్నును జేయియు రెండును ఆ ద్రవమే యయ్యెను.

అటుపిమ్మట 1777 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున బొన్నెమెయిన్ అనునతడు వేడినీటిని గొట్టములలో దిప్పి పిల్లలను పొదిగించు పద్ధతిని గల్పించెను. వేర్వేరు లోహములు సమానమైన వేడికి సమానముగా సాగవు. ఈ భేదము నాధారముగ జేసికొని యతడు బాయిలరు గాలిద్వారమును దానంతట దానినే తెరచి మూయునట్లు చేసెను. నేటి గృహపు బాయిలరునకు బూర్వరూప మిచటనే కానవచ్చుచున్నది.

1830లో ఆండ్రూ యూర్ అను స్కాట్లండు రసాయనశాస్త్రజ్ఞుడు రెండు లోహముల రేకులను జతపరచి, వేడి సోకినపుడు వంగునట్టి సాధనమునకు బేటెంటు పొందెను. గ్రీకుభాషలో వేడి యను నర్థమిచ్చు మాటను, నిలుపునది యను నర్థమిచ్చు మాటను గూర్చి దానికి థర్మోస్టాటని పేరిడినవా డితడే. మన భాషలో దానిని ఉష్ణనియామకమనవచ్చును.

ఇక నుపాధ్యాయవృత్తి నవలంబించిన నావంటివాని మనస్సున కింపైన ఘట్టమునకు వచ్చితిమి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ పట్టణపు నార్మలు పాఠశాలలో వారెన్ జాన్సన్ అను నాచార్యు డుండెను. పాఠము జరుగుచుండగా బంట్రోతు గదిలోనికి వచ్చి, ఉష్ణమాపకమును జూచి, క్రిందికి దిగి పొయ్యి గాలిద్వారమును సవరించుచుండెడివాడు. పాఠము మాటిమాటికి దెగుచుండెను. ఈ చిక్కును దీర్పదలచి జాన్సన్ విద్యుత్తుతో నడచు సాధనమును నిర్మించి, 1883లో పేటెంటు పొందెను. గదిలో వేడి మారినపుడు క్రింద బంట్రోతుచెంత గంట మ్రోగును. ఇందు గన్ను మాత్రమే యంత్రమైనది. చేయి యింకను మనుష్యునిదే. 1885లో మిల్వాకీ నగరమున దన సంస్థను స్థాపించి, తరువాత నాతడు చేతిపనిని గూడ యంత్రమున కొప్పగించెను.

అదే 1885లో మినియాపొలిస్ నగరమున ఆల్బర్టు బుట్జ్ మరియొక సాధనమును నిర్మించెను. గది నియమిత పరిమితికంటె చల్లబడినపుడు విద్యుద్వలయము పూర్తియై, చిన్న మోటారు తిరిగి, గొలుసును లాగి పొయ్యి గాలిద్వారమును దెరచును. గృహస్థుడు రాత్రి నిద్ర లేచి మాళిగలోనికి దిగు శ్రమ యట్లు తగ్గెను.

కన్నును జేయియు నెన్నడో మారినవి. బుద్ధి మారుట మాత్రము మన కాలముననే జరిగినది. 1971లో అమెరికాలోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్సు సంస్థకు జెందిన గ్యారీ బూన్, మైకేల్ కోక్రన్ అనువారు లెక్కించు భాగమును, జ్ఞప్తియందుంచుకొను భాగమును ఒక్క సిలికాను ముక్కలో నిమిడ్చిరి. దానికి మైక్రోకంట్రోలరని పేరు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కుపయోగపడునట్లు ఆర్డ్యునో అను చౌకయైన పలక వెలువడెను. అప్పటినుండి సామాన్యుడును దన యింటి థర్మోస్టాటును దానే నిర్మించుకొనగల్గెను.

దాని కూర్పు వివరించెదను. ధాన్యపుగింజవంటి యుష్ణగ్రాహక మొకటి గది వేడిని గొలిచి యంకెలుగా దెలుపును. మైక్రోకంట్రోల రా యంకెను మనము కోరిన యంకెతో బోల్చును. పిదప రిలే యను విద్యుత్కవాటము మూసికొనును. అమెరికా గృహములందు బెక్కింట బాయిలరునుండి 24 వోల్టుల రెండు తీగెలు గోడకు వచ్చును. ఆ రెండును గలిసిన బాయిలరు మండును, విడిన నాగును. బ్రిటనులో ననేక గృహములందు నట్టి తీగెలందు 230 వోల్టులుండును. అది ప్రాణాపాయకరము. తీగెను ముట్టుటకు ముందు దానియందెంత శక్తి గలదో తెలిసికొనుట మొదటి ధర్మము.

20 డిగ్రీలు కావలెనన్నచో, సరిగా 20కి దిగువనే మండింపుమనియు, 20కి పైననే యార్పుమనియు జెప్పరాదు. అట్లు చెప్పిన బాయిలరు క్షణక్షణము మండుచు నారుచు నరిగిపోవును. 19.5కు దిగినపుడు మండించి, 20.5కు జేరినపు డార్పవలెను. నడుమ గొంత యోపిక యుంచవలెను.

ఇట నొక ప్రశ్న కలదు. బంట్రోతు పొరపడిన మరల వచ్చి సవరించును. యంత్రము పొరపడిన నెవరు సవరింతురు? రిలే మొనలు రెండు నతుకుకొని పోవచ్చును. అప్పుడు మంట యారదు. లెక్కించు ముక్క నడుమ స్తంభింపవచ్చును. అప్పుడు మంట లేవక గొట్టములలోని నీరు గడ్డకట్టి గొట్టములు పగులును. అందుచే నెరిగినవారు పాత థర్మోస్టాటును దీసివేయక, 10 డిగ్రీలకు నిలిపి, క్రొత్తదానికి సమాంతరముగ నుంతురు. క్రొత్తది మూగవోయినను పాతది మంట లేపును. అధికమగు వేడికి బాయిలరుయొక్క సొంత రక్షకములు, అనగా నావిరికవాటము, వేడిహద్దును జూచు సాధనము, నీరు తగ్గిన నాపు సాధనము, ఇవి యుండనే యున్నవి. వానిని ముట్టరాదు, వాని తీర్పు నింటివాని కల్పనకు లోబరుపరాదు. ఒక్క కావలి చాలునని తలచుటయే యపాయమునకు మూలము.

ఈ విషయము మనకు దూరమని తలపకుడు. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో వర్జీనియా పొగాకును బ్యారనులలో గాల్చు రైతు, 35 డిగ్రీల ప్రాంతమున ఆకును పండించి, క్రమముగా వేడిని బెంచి, 70 ప్రాంతమున నీనెల నెండించును. అయిదారు దినములు రేయింబవళ్లు నుష్ణమాపకమును గనిపెట్టి యుండవలెను. ఒక్క రాత్రి కునుకుపాటుతో సంవత్సరపు శ్రమ చెడవచ్చును. ఆ రైతు నిద్రలేమి యెట్టిదో యెరిగినవారికి, డ్రెబ్బెలు పాదరసమును, జాన్సను గంటయు నేల పుట్టెనో వేరుగ జెప్ప బనిలేదు.

యంత్రము మన కన్నును, బుద్ధిని, చేతిని దీసికొనవచ్చును; బాధ్యతను మాత్రము దీసికొనజాలదు. కావలికి మరియొక కావలి నుంచుట మన పెద్దలు కోటల కాలమునుండి యెరిగిన నీతి. మీ యూళ్లలోని యువకు డెవడైన నిట్టి సాధనమును గట్టుకొని తెచ్చి చూపినప్పుడు, అది పనిచేయునా యని మాత్రమే యడుగకుడు. అది పాడైనపు డేమగును అనియు నడుగుడు. ఆ రెండవ ప్రశ్నకు సమాధానము సిద్ధముగ నున్నచో వానిని మెచ్చుకొనుడు. లేనియెడల, దానిని నిప్పున కప్పగింపక ముందు మరల నాలోచింపుమని చెప్పుడు.