లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ ప్రతినిధివర్గం: సంఖ్యాబలమూ పలుకుబడీ (1971–1991)

ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన సభ్యుల పార్టీలవారీ లెక్కలు రాజకీయ చరిత్ర రచనల్లో తరచుగా కనిపిస్తాయి. ఆ లెక్కలను ఓటర్ల మనోగతానికి ప్రతిబింబంగానూ, సభ్యుల సంఖ్యను ఢిల్లీలో రాష్ట్రానికి గల పలుకుబడికి కొలమానంగానూ స్వీకరించడం పరిపాటి. 1971 మొదలు 1991 వరకు జరిగిన ఎన్నికలను వరుసగా పరిశీలిస్తే ఈ రెండు భావనలూ నిలవవు.

1971 మధ్యంతర ఎన్నికల్లో దేశమంతటా ఇందిరాగాంధీ ప్రభంజనం వీచింది. తెలంగాణలోని 14 స్థానాల్లో మాత్రం 10 తెలంగాణ ప్రజాసమితికి దక్కాయి. 1969 ఉద్యమం రేపిన ఆకాంక్షకు అది ఓటు రూపం. కాని ఆ ఏడాది సెప్టెంబరులోనే ప్రజాసమితి కాంగ్రెస్‌లో విలీనమైంది. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి పదవి వీడగా పి.వి. నరసింహారావు ఆ పదవి చేపట్టారు. ఓటర్లు మార్చిన ప్రతినిధివర్గ స్వరూపాన్ని నాయకుల ఒప్పందం ఆరు నెలల్లోనే తిరగరాసిందన్నమాట. ఫిరాయింపుల నిషేధ చట్టం అప్పటికింకా రాలేదు. వచ్చి ఉన్నా విలీనానికి అది అడ్డు కాదు.

1977 ఫలితం ఇందుకు భిన్నమైన సమస్యను ముందుంచుతుంది. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే లభించాయి. దేశం మొత్తం మీద కాంగ్రెస్ గెలిచిన స్థానాల్లో ఇవి నాలుగో వంతుకు మించినవి. జనతా పార్టీ పక్షాన గెలిచినవారు నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే. ఆయన మొదట స్పీకరుగా, అదే ఏడాది జులైలో రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. రాష్ట్రానికి అత్యున్నత పదవి దక్కింది. లోక్‌సభలోని రాష్ట్ర ప్రతినిధివర్గంలో మాత్రం అధికారపక్ష సభ్యుడంటూ లేకుండా పోయాడు. 1980లో ఇందిరాగాంధీ మెదక్, రాయ్‌బరేలీ రెండుచోట్లా గెలిచి మెదక్‌నే నిలుపుకొన్నారు. ప్రధానమంత్రే రాష్ట్ర ప్రతినిధివర్గంలో సభ్యురాలయ్యారు.

ఈ కాలంలో అధిక వివరణ కోరేది 1984. ఆ ఏడాది ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయడం, నెల రోజుల ఆందోళన తరువాత ఆయన తిరిగి ముఖ్యమంత్రి కావడం జరిగాయి. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. డిసెంబరులో సానుభూతి పవనం కాంగ్రెస్‌కు దేశవ్యాప్తంగా 400కు పైగా స్థానాలు కట్టబెడితే, ఇక్కడ తెలుగుదేశానికి 30, కాంగ్రెస్‌కు 6 దక్కాయి. అయితే ఓట్ల లెక్క వేరే కథ చెబుతుంది. తెలుగుదేశానికి దాదాపు 45 శాతం, కాంగ్రెస్‌కు దాదాపు 42 శాతం ఓట్లు వచ్చాయి. తెలుగుదేశం కొన్ని స్థానాలను మిత్రపక్షాలకు వదిలిపెట్టింది కాబట్టి అసలు అంతరం మరికొంత ఎక్కువే. అయినప్పటికీ, సానుభూతి పవనం రాష్ట్ర సరిహద్దులో ఆగిపోయిందన్న ప్రసిద్ధ వ్యాఖ్యానం అతిశయోక్తి. పవనం ఇక్కడా వీచింది. ముఖాముఖి పోటీలో ఒక్క ఓటు ఆధిక్యం ఉన్నవారే గెలిచే పద్ధతి వల్ల అది సీట్లుగా మారలేదు.

హన్మకొండ ఫలితాన్ని సాహిత్య పరిశోధకులు వేరుగా గుర్తుంచుకోదగును. ‘వేయిపడగలు’ను హిందీలోకి అనువదించిన పి.వి. నరసింహారావు అక్కడ భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. దేశమంతటా ఆ పార్టీ గెలిచిన రెండు స్థానాల్లో అదొకటి. మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచినందున పి.వి. సభలో కొనసాగారు, ఆంధ్రప్రదేశ్ ప్రతినిధిగా కాకపోయినా.

ముప్పయి మంది సభ్యులతో తెలుగుదేశం లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. ఒక ప్రాంతీయ పార్టీకి ఆ స్థానం దక్కడం అదే ప్రథమం. కాని గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకత్వానికి సభలో పదో వంతు బలం కావాలి, అది లేదు. భాష పేరునే తన పేరుగా ధరించిన పార్టీ, సభాధ్యక్షుని అనుమతి ఉంటే తప్ప ఆ భాషలో మాట్లాడలేని సభలో కూర్చుంది. రాజ్యాంగం 120వ అధికరణం పార్లమెంటు వ్యవహారాలకు నిర్దేశించినవి హిందీ, ఇంగ్లీషులు మాత్రమే. ఆత్మగౌరవ నినాదానికి ఎదురైన ఈ పరిమితి తగినంత చర్చకు రాలేదు.

1989లో కాంగ్రెస్‌కు 39, తెలుగుదేశానికి 2, మజ్లిస్‌కు 1 లభించాయి. మూడో వంతుకు పైగా ఓట్లు పొందిన పార్టీకి మిగిలింది ఇద్దరు సభ్యులు. విచిత్రమేమంటే ఢిల్లీలో తెలుగుదేశానికి అధికారంలో వాటా వచ్చింది అప్పుడే. రామారావు అధ్యక్షులుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వాన్ని ఏర్పరచింది. పర్వతనేని ఉపేంద్ర రాజ్యసభ సభ్యత్వంతోనే సమాచార ప్రసారశాఖ మంత్రి అయ్యారు. ముప్పయి మంది సాధించలేనిది ఇద్దరున్నప్పుడు సమకూరడానికి కారణం రాష్ట్రంలో కాక, ఏ పార్టీకీ మెజారిటీ ఇవ్వని జాతీయ ఫలితంలో ఉంది.

1991లో కాంగ్రెస్ 25, తెలుగుదేశం 13 గెలిచాయి. ఆ సాధారణ ఎన్నికల్లో అసలు పోటీయే చేయని పి.వి. జూన్‌లో ప్రధాని అయ్యారు. నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో నిలిచినప్పుడు, తెలుగువాడు ప్రధాని అయ్యారన్న కారణంతో తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. 1982లో కాంగ్రెస్‌పై ఎక్కుపెట్టిన ఆత్మగౌరవ నినాదం తొమ్మిదేళ్లకు కాంగ్రెస్ ప్రధానికి అనుకూలించింది. ఆయన ఆధిక్యం 5.8 లక్షల ఓట్లు.