చింతకుంట రాతి చిత్రాలు
కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర బండల మీద ఉన్న ఆదిమ చిత్రాలు. జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే దారిలోనే ముద్దనూరు వస్తుంది. ఆస్ట్రియా పరిశోధకుడు ఎర్విన్ న్యూమయర్ వీటిని వెలుగులోకి తెచ్చారు. 200కు పైగా ఉన్న ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం ఎర్రమట్టి రంగువి, కొన్ని తెల్లవి. మూపురం ఎద్దును చూడాలి: మూపురం వంపు, కొమ్ముల ఒడుపు ఒకటి రెండు గీతల్లోనే పలుకుతాయి. జింకలూ ఉన్నాయి. మనిషితోపాటు మృగానికీ సమాన చోటిచ్చిన కళ ఇది; నేటి పర్యావరణ కళాకారులు వెతుకుతున్న చూపు ఇక్కడ ఎప్పుడో ఉంది. ఎండావానలకు ఎర్రమట్టి వెలిసిపోతుంది. అలా కంటికి ఆనని గీతలను ఫొటోల్లో రంగుల తేడా పెంచి బయటపెట్టే డీ-స్ట్రెచ్ సాఫ్ట్‌వేర్‌ను జాన్ హార్మన్ 2005లో రూపొందించారు. రాతి చిత్రాల పరిశోధకులు దాన్ని ప్రపంచమంతటా వాడుతున్నారు. బొమ్మలపై నీళ్లు చల్లడం, పేర్లు చెక్కడం మాత్రం తిరిగి పూడ్చలేని నష్టం.