నరసాపురం లేసు అల్లిక

నరసాపురం లేసు అల్లిక ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో గోదావరి డెల్టా గ్రామాల స్త్రీలు ఇంటి పట్టున ఉండి చేసే హస్తకళ. కొన వద్ద చిన్న కొక్కెం గల ఒకే ఒక సూదితో, సన్నని నూలు దారాన్ని అల్లి బల్లగుడ్డలు, మంచపు దుప్పట్లు, తలగడ గలీబులు, దుస్తుల అంచులు మొదలైనవి తయారు చేస్తారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలు దీనికి కేంద్రం. వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున, కోనసీమలోని సఖినేటిపల్లి, రాజోలు ప్రాంతాలలో కూడా ఈ పని వ్యాపించి ఉన్నది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య నడిచే పంటు వలన ఈ రెండు ఒడ్డుల గ్రామాలు ఒకే సంతకు చేరువైనాయి.

ఈ లేసు శతాబ్దానికి పైగా విదేశాలకు ఎగుమతి అవుతున్నది. అయినను దానిని అల్లే స్త్రీలు చాలాకాలం వరకు పనివారిగా లెక్కకు రాలేదు. ఇంటి పనుల మధ్య ఖాళీ సమయంలో చేసుకొనే వ్యాపకంగానే ఈ పని గుర్తింపు పొందినది. ఈ కళ గురించి తెలుసుకోవలసిన విషయాలలో అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే.

అల్లే విధానం

నేతకు, అల్లికకు భేదం ఉన్నది. నేతలో పడుగు, పేక అనే రెండు వరుసల దారాలు ఒకదానినొకటి అడ్డంగా దాటుతాయి. అల్లికలో దారం ఒకటే. అది ఉచ్చులుగా మారి, ఒక ఉచ్చులోనుండి మరొక ఉచ్చు బయటకు వస్తూ గుడ్డగా పెరుగుతుంది. ఊలు స్వెట్టర్లు అల్లేవారు సాధారణంగా రెండు పొడవాటి సూదులు వాడతారు. ఒక వరుసలోని ఉచ్చులన్నీ సూదిపైనే విప్పారి ఉంటాయి, సూది జారితే వరుస మొత్తం ఊడిపోతుంది. లేసు పనిలో వాడే పద్ధతిని క్రోషే అంటారు. ఇందులో ఒక్క సూదితో ఏ ఉచ్చుకు ఆ ఉచ్చును పూర్తి చేసి ముందుకు సాగుతారు కాబట్టి చేతిలో ఎప్పుడూ ఒకటి రెండు ఉచ్చులే మిగిలి ఉంటాయి.

ఈ చిన్న సౌకర్యానికి చాలా ప్రాధాన్యత ఉన్నది. పొయ్యి మీద అన్నం పొంగినా, ఉయ్యాలలో బిడ్డ ఏడ్చినా అల్లికను అక్కడికక్కడే వదిలి లేవవచ్చును. మళ్ళీ వచ్చి ఆపిన చోటనుండే కొనసాగించవచ్చును. సూది, దారపు ఉండ తప్ప వేరే పరికరం అవసరం లేదు. మగ్గానికి వలె ప్రత్యేకమైన స్థలమూ అక్కరలేదు. అరుగు మీద, చెట్టు నీడన, పొరుగువారితో మాట్లాడుతూ కూడా చేయవచ్చును. పని ఇంటిలో కలిసిపోయినది, దాని విలువ కూడా ఇంటిపనిలో కలిసి కనబడకుండా పోయినది.

మొదట గొలుసు కుట్టుతో ప్రారంభిస్తారు. గొలుసు రెండు కొనలు కలిపి చిన్న వలయం చేసి, దాని చుట్టూ కుట్లు వేసుకుంటూ పువ్వును పెంచుతారు. సూదిపై దారాన్ని ఎన్నిసార్లు చుట్టి లాగితే కుట్టు అంత పొడవు అవుతుంది. పొట్టి కుట్లు దగ్గరగా వేస్తే గుడ్డ దట్టంగాను, పొడవు కుట్ల మధ్య గొలుసులు విడిచిపెడితే జాలీ వలె పలుచగాను వస్తుంది. ఎంత సంక్లిష్టమైన నమూనా అయినా ఈ రెండిటి పొందికే. దారం బిగువు మొదటినుండి చివరివరకు ఒకే తీరున ఉండాలి, లేనిచో పువ్వు గిన్నెలా ముడుచుకొనును లేదా అంచు వదులై అలలుగా లేచును. నేర్పరి చేతిని గుర్తించేది ఇక్కడే.

చరిత్ర

నరసాపురం పాత రేవు పట్టణం. పట్టణ శివారులోని మాధవాయిపాలెం ఒకప్పుడు ఎంత ప్రసిద్ధి పొందిన వస్త్ర కేంద్రమంటే, ఆ ఊరి పేరే కొద్దిగా మారి మడపొల్లం అనే ఒక రకం నూలు గుడ్డకు పేరై ఆంగ్ల నిఘంటువులకు ఎక్కినది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు బట్టల రాకతో ఈ తీరపు నేతపని దెబ్బతిన్నది. 1833 నాటి కరువు తరువాత గోదావరి ప్రాంతం కూడా తేరుకోలేదు. రాజమండ్రి జిల్లా దుస్థితిపై హెన్రీ మాంట్‌గోమరీ నివేదిక సమర్పించిన సంవత్సరం 1844. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం పూర్తి అయినది 1852లో.

లేసు అల్లిక ప్రారంభమైనదిగా చెప్పే సంవత్సరం కూడా 1844 కావడం గమనార్హం. అంతకు కొన్నేళ్ళ ముందు, 1836లో ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు డెల్టాలో క్రైస్తవ మిషను పనిని ఆరంభించారు. మెక్రే అనే స్కాట్లండు దంపతులు నరసాపురంలో స్త్రీలకు లేసు పని నేర్పినట్లు చెబుతారు. మొదట నేర్చుకొన్నవారిలో ఎక్కువమంది కొత్తగా క్రైస్తవంలో చేరిన దళిత కుటుంబాల స్త్రీలు. అదే దశకంలో ఐర్లండులో బంగాళాదుంప పంట నాశనమై కరువు వచ్చినపుడు, అక్కడి క్రైస్తవ సన్యాసినులు పేద స్త్రీలకు జీవనోపాధిగా నేర్పినది కూడా క్రోషే లేసే. గోదావరి ఎగువన దుమ్ముగూడెంలో సైతం మిషనరీలు లేసు పనిని ప్రవేశపెట్టారు.

తొలి రోజులలో లేసు అమ్మకపు సరుకు కాదు. మిషనరీలు స్వదేశంలోని తమ స్నేహితులకు, బంధువులకు కానుకలుగా పంపేవారనీ, అవి అందుకొన్నవారు పంపిన సొమ్ము మిషనుకు, అల్లినవారికి చేరేదనీ చెబుతారు. 1900 ప్రాంతం నుండి స్థానిక వర్తకులు దీనిని వ్యాపారంగా చేపట్టారు. 1899 నాటి కరువును, 1929లో మొదలైన ఆర్థిక మాంద్యాన్ని తట్టుకొని ఈ పరిశ్రమ నిలిచినది. క్రమంగా క్రైస్తవేతర కుటుంబాల స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో నేర్చుకొన్నారు. స్త్రీ పొలంలో కూలికి వెళ్ళడం పరువుకు భంగమని తలచే కుటుంబాలకు, గడప దాటకుండా చేయగల ఈ పని అనుకూలమైనది.

పని విభజన

ఒక దుప్పటిని మొదటినుండి చివరివరకు ఒకే స్త్రీ అల్లడం అరుదు. పువ్వులు, చిన్న ముక్కలు అల్లడాన్ని చేతిపని అనీ, ఆ ముక్కలను కలిపి పెద్ద వస్తువుగా చేయడాన్ని అతుకుపని అనీ వ్యవహరిస్తారు. అతుకుపని చేసేవారికి నమూనా మొత్తం తెలిసి ఉండాలి. పువ్వులు అల్లేవారికి తమ పువ్వు ఏ దేశంలో ఏ బల్ల మీదికి చేరుతుందో సాధారణంగా తెలియదు. వర్తకుడు దారాన్ని ఏజెంటు చేతికి ఇస్తాడు, ఏజెంటు ఊరూరా పంచి, అల్లిన ముక్కలను తిరిగి పోగుచేస్తాడు. కూలి రోజు లెక్కన కాక, ముక్క లెక్కన లేక వాడిన దారాన్ని బట్టి ఇస్తారు. దారం కొలతపై కూలి కట్టినచో, నమూనా కష్టమై ఆలస్యమైనపుడు ఆ నష్టం అల్లేవారిదే. ఉతుకు, ఇస్త్రీ, కట్టలు కట్టడం, ఎగుమతి పట్టణంలో జరుగుతాయి. అల్లేవారందరూ స్త్రీలు కాగా, వ్యాపారం చాలావరకు పురుషుల చేతిలో ఉన్నది.

గృహిణా, కార్మికురాలా

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (1931 - 2023) 1970ల చివరిలో నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో గ్రంథం ప్రచురించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో జరిగిన ఈ పరిశోధన వలన నరసాపురం పేరు ప్రపంచంలోని స్త్రీ అధ్యయన విద్యార్థులందరికీ పరిచయమైనది. అప్పట్లో దాదాపు లక్షమంది స్త్రీలు ఈ పనిలో ఉన్నట్లు అంచనా. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లినా వారికి దక్కినది రూపాయి లోపే. ఇది వ్యవసాయ కూలీ స్త్రీలకు చట్టం నిర్ణయించిన కనీస వేతనం కంటె చాలా తక్కువ.

ఇంత తక్కువ కూలికి కారణం పని సులభమైనది కావడం కాదని మీస్ వాదన. అల్లేవారు భర్త సంపాదనపై బ్రతికే గృహిణులనీ, లేసు కేవలం ఊసుపోకకు చేసే పని అనీ అందరూ భావించారు. వర్తకులే కాక ఆ స్త్రీలు సైతం అలాగే అనుకొన్నారు. దీనిని ఆమె గృహిణీకరణ అన్నారు. జనాభా లెక్కలు కూడా ఇందుకు తోడైనవి. 1971 లెక్కలలో ప్రతి వ్యక్తికి ప్రధానమైన పని ఏది అని అడిగారు. వంట, పిల్లల పెంపకం చేస్తూ లేసు అల్లే స్త్రీ ఆ ప్రశ్నకు ఇంటిపని అనే జవాబు చెప్పేది. ఉపాంత కార్మికులు అనే విభాగం 1981 లెక్కలలో చేరినది.

మీస్ విశ్లేషణలోని అన్ని అంశాలతో ఏకీభవించకపోయినా, ఆ ఎనిమిది గంటలను ఖాళీ సమయం అనడం మాత్రం ఎవరికైనా కష్టమే.

ఊలు, ఇంటి అల్లికలు

డెల్టాలో చలి తక్కువ. ఆలమూరు మొదలుకొని సముద్రతీరం వరకు గల గ్రామాలలో ధనుర్మాసపు తెల్లవారుజాములు తప్ప ఊలు దుస్తుల అవసరం పెద్దగా రాదు. కాబట్టి చలి దేశాలలో వలె ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు అల్లే అలవాటు ఇక్కడ పాతుకోలేదు. అయితే చంటిపిల్లకు చెవులు కప్పే టోపీ, మేజోళ్ళు, పొట్టి చొక్కా ఊలుతో అల్లి ఇవ్వడం ఉన్నది. కూతురి పురిటికి తల్లి, అమ్మమ్మ ముందుగానే వీటిని సిద్ధం చేస్తారు. గుమ్మాలకు రంగురంగుల ఊలు తోరణాలు, చేతిసంచులు, రేడియోకు, టీవీకి కప్పే గుడ్డలు ఒక తరం ఇళ్ళన్నిటిలో కనిపించేవి. కుట్లు, అల్లికలు అనే జంట పదం ఆడపిల్లల చదువులో ఒక భాగంగా స్థిరపడినది.

ఇంటికి అల్లినా, ఏజెంటుకు అల్లినా సూది ఒకటే, కుట్లూ అవే. మనుమరాలి టోపీకి ఎవరూ కూలి లెక్క కట్టరు. ఎగుమతి దుప్పటికి కూడా ఇంచుమించు అదే దృష్టి వర్తించడం వలన వర్తకులకు లాభించినది.

యంత్రపు లేసు, భౌగోళిక గుర్తింపు

రెండు సూదుల అల్లికకు విలియం లీ 1589లోనే యంత్రం కనిపెట్టాడు. వరుసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సిద్ధంగా ఉండడం యంత్రానికి అనుకూలం. క్రోషేలో సూది ఏ పాత కుట్టులోకైనా వెనుకకు వెళ్ళగలదు కనుక, దానిని అచ్చంగా చేసే యంత్రం వాడుకలోకి రాలేదు. చైనా నుండి చవకగా వచ్చే యంత్రపు లేసు చూపుకు మాత్రమే క్రోషేను పోలి ఉంటుంది. పరీక్షగా చూస్తే దాని వెనుక వైపు సమాంతరంగా సాగే దారాలు కనిపిస్తాయి. ఈ పోటీ వలన నరసాపురం లేసుకు గిరాకీ బాగా తగ్గినది.

2000వ దశకంలో మహిళా సంఘాల సమాఖ్య ద్వారా, ఏజెంటు లేకుండా నేరుగా అమ్మే ఉద్దేశంతో, నరసాపురం సమీపంలోని రుస్తుంబాద వద్ద అలంకృతి లేసు పార్కు ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో నరసాపురం పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉండగా, సఖినేటిపల్లి, రాజోలు కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. దీని వలన ఈ ప్రాంతపు చేతి అల్లికకు తప్ప ఇతర లేసుకు ఆ పేరు వాడరాదు. అల్లేవారి కూలిని నిర్ణయించే అధికారం ఈ చట్టానికి లేదు. గుర్తింపు కాలపరిమితి పదేళ్ళు; ఆ తరువాత రుసుము చెల్లించి పొడిగించుకోవలసి ఉంటుంది.