ఇనుపకల: ఒక వ్యాజగ్రంథము

స్తుతిరూపమున నిందను జెప్పుట యలంకారశాస్త్రమున వ్యాజస్తుతి యనఁబరఁగుచున్నది. ఒక శ్లోకమునందుఁ జెల్లు నీ యుపాయముతో నవల నంతయు నడపిన నేమగునో తెలియుటకు, అమెరికా నవలాకారుఁడగు నార్మన్ స్పిన్రాడ్ రచించిన ‘ది ఐరన్ డ్రీమ్’, అనఁగా ‘ఇనుపకల’, చరిత్రము మంచి నిదర్శనము.

స్పిన్రాడ్ 1940లో న్యూయార్కున జన్మించెను. ఇతనికి వివాదము క్రొత్తది కాదు. 1967 చివర నుండి మైకేల్ మూర్కాక్ సంపాదకత్వమున లండనులో వెలువడుచుండిన ‘న్యూ వరల్డ్స్’ పత్రిక ఇతని ‘బగ్ జాక్ బారన్’ నవలను వరుసగాఁ బ్రకటించెను. అందలి పచ్చిమాటలకు జంకి 1968లో డబ్ల్యు.హెచ్. స్మిత్ పుస్తకవిక్రేతలు పత్రికను అమ్ముట మానిరి. పత్రికకుఁ బ్రభుత్వధనము చేరుచుండుటచే సంగతి పార్లమెంటు దాఁకఁ బోయెను. అది మాటలను గూర్చిన కలహము. తరువాతిది అర్థమును గూర్చినది.

‘ఇనుపకల’ 1972లో వెలువడెను. అందలి కల్పన యిట్టిది: హిట్లరు 1919లో జర్మనీని విడిచి న్యూయార్కు చేరి, అగ్గువపత్రికలకు బొమ్మలు గీయుచు, కథలు వ్రాయుచు బ్రదికి, 1953లో మరణించెను. స్పిన్రాడ్ పుస్తకములో నధికభాగము ఆ హిట్లరు వ్రాసిన నవలయే. అణుయుద్ధానంతర ప్రపంచమున ఫెరిక్ జాగర్ అను శుద్ధరక్తాభిమాని వికృతజనులను సంహరించి సర్వాధికారి యగును. శైలి బుద్ధిపూర్వకముగా మోటైనది. యుద్ధముపై యుద్ధము, వధపై వధ. పరిహాసము ఏఁబది పుటలలోనే తెలిసిపోవును. మిగిలినది భారముగా నుండుననుట దాఁచఁదగినది కాదు.

అయినను గ్రంథమునకుఁ బ్రాణము తుదనున్నది. హోమర్ విపుల్ అను కల్పితవిమర్శకుఁడు 1959 నాఁటి వాఁడుగా నొక యుపసంహారము వ్రాసి, కథను బరిహసించి, ఇట్టి మనుష్యుఁడు రాజ్యాధికారము పొందుట ఉన్మత్తకల్పనలందే గాని లోకమున సంభవింపదని తేల్చును. విపుల్ లోకమున నాజీరాజ్యము లేదు. పాఠకుని లోకమున నుండెను. వ్యంజనకు వక్త యెవఁడు, శ్రోత యెవఁడు అనునవి యాధారములని మన లాక్షణికులు చెప్పినది యిచట సార్థకము. శ్రోతకుఁ జరిత్ర తెలియనిచో వాచ్యార్థమే మిగులును.

ఫ్రాన్సున నీ నవలకు 1974లో అపోలో బహుమానము లభించెను. పశ్చిమజర్మనీలో మాత్రము 1982లో యువజనరక్షణమునకై యేర్పడిన ప్రభుత్వమండలి దీనిని ఆంక్షల పట్టికలోఁ జేర్చెను. ప్రకాశకులగు హైనెవారు న్యాయస్థానముల కెక్కి పోరాడఁగా, 1987లో నా యాంక్ష తొలఁగెను. తీర్పు న్యాయమే, ఏలయన గ్రంథమునుండి యుపసంహారమును, చట్రమును వేఱుచేసి లోపలి కథను మాత్రమే తూఁచుట వ్యాజస్తుతిలో పూర్వార్ధమును మాత్రము చదివినట్లే. అయినను మండలి భయము వట్టిది యనరాదు. అమెరికా నాజీపక్షమువారు ఈ పుస్తకమును దమవారు చదువఁదగిన గ్రంథముల పట్టికలోఁ జేర్చిరని స్పిన్రాడే వ్రాసియున్నాఁడు. వారికి మిక్కిలి నచ్చినది శుభాంతమేనఁట.