మూలమట్టం నుంచి మైటర్ రంపం దాకా

కాంపౌండ్ మైటర్ రంపం కొనదలచి దాని తిరుగుడు పీఠాన్ని పరికించిన చదువరులకు, 0, 15, 22.5, 30, 45 అనే అంకెల నడుమ 31.6 అనే వింత గుర్తొకటి తరచుగా కనబడుతుంది. పళ్లచక్రాన్ని పక్కకు వాల్చే కొలబద్దపై దానికి జతగా 33.9 ఉంటుంది. ఈ అంకెలు మన ఇళ్లలో పుట్టినవి కావు. అమెరికాలో గోడకూ పైకప్పుకూ నడుమ 38 డిగ్రీల వాలులో కొయ్యపట్టీ బిగించే ఆచారముంది. ఆ పట్టీని పీఠంపై పరచి గది మూలకు సరిపోయేలా కోయాలంటే ఆ రెండు కోణాలూ ఒకేసారి కావాలి. మన పైకప్పు అంచులకు కొయ్య వాడము. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోత పోస్తాము. కనుక ఇంటి పనికి ఈ యంత్రాన్ని ఎంచుకొనే ముందు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలో కొయ్యపని ఏ కోణాన్ని నమ్ముకొని బతికిందో తెలుసుకోవడం మేలు.

సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరిలో 2000ల తవ్వకాలలో బౌద్ధ తోరణపు రాతి దూలాలు బయల్పడ్డాయి. సుమారు పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్లనాటి ఆ శిల్పాలలో కొన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు కూడా వెళ్లివచ్చాయి. ఇటువంటి తోరణాలు కొయ్య కట్టడాలకు రాతి అనుకరణలు: రెండు నిలువు స్తంభాలు, వాటిపై అడ్డంగా మోపిన దూలాలు. సూర్యాపేట చెంతనే ఉన్న పిల్లలమర్రిలో, కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుడుల ద్వారాలదీ అదే పద్ధతి. నిలువు శాఖల నెత్తిన అడ్డురాయి కూర్చుంటుంది. మూలలో ఐమూలగా కోసి కలిపే తీరు వాటిలో లేదు.

మన ఇళ్ల దర్వాజాదీ ఇదే నీతి. ఒక కర్ర కొసను నాలుకలా చెక్కి, రెండోదాని బెజ్జంలోకి దూర్చి, మేకు కొడతారు. బరువు కర్రమీద కర్రగా దిగుతుంది. ఇందుకు వడ్రంగికి కావలసినది లంబకోణం. దానిని కాచేది మూలమట్టం. ఐమూల అతుకును దూరం పెట్టడానికి వాతావరణం కూడా ఒక కారణం కాదగును. ఎండకు కొయ్య అడ్డంగా కుంచించుకుపోతుంది గాని పొడవున దాదాపు మారదు. అందువల్ల 45 డిగ్రీల అతుకు వేసవిలో లోపలి మూల దగ్గర నోరు తెరుస్తుంది. నల్లగొండ సీమ ఎండలలో వెడల్పాటి చట్టాలకు అది చిన్న లోపం కాదు.

ఐమూల కోత మన పట్టణాలలో ఎక్కువగా కనబడేది పటాల చట్రాలలోను, బీడింగులలోను, ఇటీవలి అల్యూమినియం, యూపీవీసీ కిటికీలలోను. మోటారు బిగించిన మైటర్ రంపం 1964లో అమెరికాలోని రాక్‌వెల్ సంస్థలో రూపొందింది. అది మన దాకా వచ్చేసరికి ఇక్కడి కొయ్యపని స్వరూపమే మారిపోయింది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో వరి విస్తరించింది, రైసుమిల్లులు వెలిశాయి. పక్కా ఇళ్లు పెరిగి తలుపులకు గిరాకీ వచ్చింది. ట్రాక్టరు రాకతో, నాగళ్లూ బండ్లూ చేసి పంటవేళ గింజలు పుచ్చుకొనే ఊరి వడ్రంగికి మాత్రం ఆ ఆధారం పోయింది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఆదేశంతో, అడవులలో కేంద్రం అనుమతి లేకుండా నడిచే సామిల్లులు ఆగవలసి వచ్చింది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి టేకు దుంగల ఎగుమతిని నిలిపివేసింది. ప్రియమైన కలపలో తప్పుకోత ఖరీదు పెరిగిన కాలమిది. యంత్రం విలువ కూడా అక్కడే ఉంది: ఒకే కొలతను పదిసార్లు తప్పకుండా కోయగలగడం.

ఇక ఎంపిక సంగతి. 255 మిల్లీమీటర్ల చక్రమున్న, జారుడు పట్టాలు లేని రంపం, నిటారు కోతలో సుమారు 70 మందం, 130 వెడల్పు గల కర్రను తెగ్గోస్తుంది. నాలుగంగుళాల చట్టాలకు, మంచం పట్టెలకు అది చాలు. ఐదు–మూడు అంగుళాల దర్వాజా చట్టం దాని హద్దు మీద పడుతుంది. పన్నెండంగుళాల అరపలకలకు సుమారు 300 వెడల్పు కోసే జారుడు రంపమే కావాలి. వాలు కాళ్ల స్టూలుకూ, వడ్లు పోసే తొట్టికీ జంటకోణం నిజంగా అవసరం. 45 డిగ్రీలు వాలిన పలకలతో చతురస్రపు తొట్టి చేయాలంటే పీఠం 35.3 వద్ద, చక్రపు వాలు 30 వద్ద నిలపాలి. అటువంటి పని తలపెట్టనివారు జంటకోణానికి అదనపు డబ్బు పోయనక్కరలేదు.

పటం చట్రానికి ఎనిమిది కోతలు. ఒక్కొక్కటి అర డిగ్రీ ఒకేవైపు తప్పితే చివరికి నాలుగు డిగ్రీల సందు మిగులుతుంది. కాబట్టి దుకాణంలోనే ఒక ముక్క కోయించి మూలమట్టం పెట్టి చూడండి. 1650 వాట్ల మోటారు 230 వోల్టుల వద్ద ఏడు ఆంపియర్లు దాటుతుంది. దానికి 6 ఆంపియర్ల ప్లగ్గు కాక, 16 ఆంపియర్లది కావాలి. చక్రం నిమిషానికి నాలుగైదువేల చుట్లు తిరుగుతుంది. చేయి కనీసం జానెడు దూరాన ఉండాలి. కంటికి అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చక్రం పూర్తిగా ఆగేదాకా తెగిన ముక్కను ముట్టరాదు. కుసులు తెగ్గొట్టిన ఉలి గాయం మానుతుంది, ఈ రంపం తీసిన వేలు మళ్లీ రాదు.

ఐమూల కోతకు మీ ప్రాంతపు వడ్రంగుల నోట వాడుకలో ఉన్న తెలుగు మాట ఏదైనా ఉంటే తెలుపగలరు. రంపంతోపాటు ఆ మాట కూడా మనకు అవసరమే.