ఆరు తంత్రుల ఉకులేలె – శ్రుతి నిర్ణయము

ఖరగ్‌పూరు రైల్వే క్వార్టర్లలో త్యాగరాజ కీర్తన వినబడుట వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున వర్క్‌షాపు పనులకై ఆంధ్రదేశమునుండి వచ్చిన కుటుంబములు తమ సంగీతమును గూడ వెంట దెచ్చుకొన్నవి. కాని మొన్న అచ్చటి బంధువుల యింట నాకు కనబడినది వీణయు కాదు, హార్మోనియమును కాదు; ఆరు తీగల ఉకులేలె. గాత్రము నేర్చుకొన్న వారి యమ్మాయి దానిని నా యొడిలో బెట్టి, “బాబాయిగారూ, తీగలు ఆరున్నాయి, స్వరాలు మాత్రం నాలుగే చెబుతున్నారు. మిగతా రెండూ ఎందుకండీ?” అని యడిగినది. ఉగాదినాడు దానిపై ఒక కీర్తన వాయించవలెనని ఆమె సంకల్పము. గమకము పలుకుట లేదని దిగులు.

పూర్వపు కాగితములు తెప్పించుకొనక ఫైలుపై నోటు వ్రాయుట మా సెక్రటేరియటువారికి అలవాటు లేదు. కావున ఈ ప్రశ్నకును పూర్వపు కాగితములు వెదకితిని.

1879 ఆగస్టు 23వ తేదీన ‘రేవెన్స్‌క్రాగ్’ అను ఓడ మదీరా ద్వీపమునుండి చెఱకుతోటల పనివారిని హొనొలూలూ రేవునకు చేర్చినది. అందు వచ్చిన మాన్యుయెల్ నూనెస్, ఆగస్టో డియాస్, జోసే దొ ఎస్పిరితో సాంతో అను మువ్వురు వడ్రంగులు తమ దేశపు ‘మషేటె’ అను నాలుగు తీగల చిన్న వాద్యమును అచ్చట చేయసాగిరి. కలకౌవా రాజు ఆదరణచే అది హవాయి వాద్యమై ఉకులేలె యని పేరొందెను. మన ప్రాంతమునకు హవాయి సంగీతము కలకత్తా ద్వారమున వచ్చినది. తౌ మో అను ప్రసిద్ధ వాదకుడు 1940వ దశకమున సకుటుంబముగా అచ్చట నివసించెను. బెంగాలీ యిండ్లలో హవాయి గిటారు చిరకాలము మ్రోగెను.

నాలుగు తీగల ఉకులేలెకు స్వరములు జి, సి, ఇ, ఎ. ‘సి’ని షడ్జముగా నెంచినచో ఇవి ప, స, గ, ద లగును. మోహన రాగమున రిషభము తప్ప తక్కిన నాలుగు స్వరములును మెట్టు తాకకయే పలుకునన్నమాట! ఇందొక విచిత్రమున్నది. పైనున్న పంచమము మంద్రము కాదు. షడ్జ గాంధారములకంటె హెచ్చైన మధ్యస్థాయి పంచమము. వరుస తలక్రిందైనను, తీగలన్నింటిని ఒక్క ఊపున మీటి పాటకు తోడు పలికించు చేతికి అదియే హాయి.

ఆరు తీగల దానిని హవాయి కడపటి రాణి లిలియుఒకలాని పేరు మీద ‘లిలియు’ అందురు. ఇందు స్వరములు నాలుగే. సి, ఎ అను రెండు స్థానములందు మాత్రము తీగలు జంటలు. సాధారణముగా జంటలో ఒకటి రెండవదానికంటె ఒక స్థాయి హెచ్చు. అమ్మాయి ప్రశ్నకు సమాధానమిదియే. మీటినపుడు నాదము నిండుగా నుండును. అయితే గమకమునకై మెట్టుపై జంటను ప్రక్కకు లాగినచో, లావు తీగ యొక విధముగను సన్నతీగ మఱియొక విధముగను స్వరము హెచ్చి అపశ్రుతి పుట్టును. లోపము ఆమె వ్రేళ్ళయందు లేదు.

ఏ తంత్రి ఎచ్చట నుండవలెనను ప్రశ్న మనవారికి క్రొత్తది కాదు. విజయనగరమున అళియ రామరాయల ఆదరణమున రామామాత్యుడు 1550లో రచించిన ‘స్వరమేళకళానిధి’లో వీణాప్రకరణము చదువదగినది. శుద్ధమేళ వీణకు నాలుగు తంత్రులు అనుమంద్ర షడ్జము, అనుమంద్ర పంచమము, మంద్ర షడ్జము, మంద్ర మధ్యమము. మధ్యమేళ వీణకు అనుమంద్ర పంచమము, మంద్ర షడ్జము, మంద్ర పంచమము, మధ్య షడ్జము. నేటి వీణపై నిలిచినది ఈ రెండవ అమరిక. షడ్జ పంచమములే మరల మరల వచ్చుటచే ఒక తంత్రిపై నేర్చిన వ్రేళ్ళ నడక స్థాయి మారినను మారదు. మధ్యమము చేరిన మొదటి అమరిక క్రమముగా మఱుగుపడినది.

అంతకంటె దగ్గఱి సాక్ష్యము పాలకొల్లున నున్నది. 1969లో అచ్చట జన్మించి 2014లో మరణించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలినును కర్ణాటక సంగీతమునకు లొంగదీసిన విధము తెలిసినదే. మాండలినుకు ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ఆయన జంటలను విడిచి, విద్యుత్ మాండలినుపై ఐదు ఒంటి తీగలు కట్టి, వానిని షడ్జ పంచమములకే శ్రుతి చేసికొనెను. పరదేశి వాద్యమునకు తీగలు తగ్గించి గమకము సాధించుటయే ఆయన చేసిన పని. ఆయన ప్రతిభను గూర్చి వ్రాసినవారనేకులు. ఆ తీసివేసిన తీగలను గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఇక అమ్మాయి ఉకులేలె. ‘సి’ షడ్జమను పట్టుదల విడిచి మొదటి తీగయగు ‘ఎ’ను షడ్జముగా నెంచితిమి. అది ఆరు కట్టె శ్రుతి, ఆమె పాడునదియు అదియే. అప్పుడు రెండవ తీగ ‘ఇ’ మార్పు లేకయే క్రింది పంచమమైనది. మొదటి జంటలోని లావు తీగ అప్పటికే ఒక స్థాయి తక్కువ ‘ఎ’ గదా! దానిని విప్పి మూడవ స్థానమున కట్టగా క్రింది షడ్జము లభించినది. మిగిలినది నాలుగవ తీగ. టెనర్ ఉకులేలెలో తీగ పలుకు నిడివి 17 అంగుళములు, గిటారులో సుమారు 25 1/2. అనగా మూడింట రెండు వంతులు. అంత నిడివిలో అదే బిగువున తంత్రి పై పంచమమును పలుకును. గిటారు ఐదవ తీగ స్వరము ‘ఎ’. కనుక అదే తీగ ఇచ్చట ‘ఇ’ యగును. నైలాన్ గిటారుదే కొనవలెను, ఉక్కు తీగ పనికిరాదు. ఆ బిగువునకు వాద్యపు పలక తాళదు. లావు తీగకు గాడి కొంచెము వెడల్పు చేయవలసి వచ్చినది. అంతటితో ప, స, ప, స, రామామాత్యుని మధ్యమేళము.

వీణవలె మైనముపై నిలిపిన ఎత్తు మెట్లు దీనికి లేవు గనుక తీగ ఎక్కువగా లాగుటకు వీలులేదు. జారుటతోడనే కొన్ని గమకములు తీర్చుకొనవలెను. అయినను ఆ సాయంకాలము మోహన వర్ణము పల్లవి వినదగినట్లే పలికినది. రెండు బిరడలు ఖాళీగా నున్నవి. విప్పిన తీగలను చుట్టచుట్టి కాగితములో భద్రపఱచినది. ఐ.ఐ.టి.లో చదువుచున్న అన్న ఆదివారము వచ్చి సినిమా పాటలకై మరల ఎక్కించునట.